చలిజ్వరము: రైతు చెల్లించు కనబడని శిస్తు
(సేద్యగాండ్ర సభలలో చదువుటకు వ్రాయబడిన ఉపన్యాసము)



పంటకు వచ్చు నష్టములను రైతు చక్కగా లెక్కింపగలడు. వానలు వెనుకబడినచో ఎన్ని బస్తాలు తగ్గునో, కాండము తొలుచు పురుగు పట్టినచో మడికి ఎంత పోవునో, అడవిపందులు పడినచో చేనిలో ఏ మూల మిగులునో ఆతడు వ్రేళ్లమీద చెప్పును. ఎద్దు కుంటుపడినచో ఆ యేటి దుక్కి ఎట్లుండునో ముందుగానే యెఱుగును. కాని యింటిలో ముగ్గురు చలిజ్వరముతో పడి, నాట్లు పదిదినములు వెనుకబడి, దీపావళి నాటికి అప్పు పెరిగిన సంవత్సరమున, ఆ నష్టమును ఆతడు జ్వరము పద్దున వ్రాయడు. కాలము కలిసిరాలేదని చెప్పి యూరకుండును.

చలిజ్వరము, అనగా మలేరియా, రైతు చెల్లించు శిస్తులలో ఒకటి. దీనికి రసీదు లేదు, వాయిదా లేదు, కఱవు సంవత్సరమున మాఫీ లేదు. కఱవు వచ్చినప్పుడే యిది యెక్కువగా వసూలగును. ఒక్కొక్క యింట ఎంత పోవుచున్నదో తెలియకపోవుటచే, దేశమంతట ఎంత పోవుచున్నదో కూడ తెలియదు. ఇంటి లెక్క మొదలు దేశపు లెక్క వఱకు ఈ పద్దును వ్రాసి చూచుట, ఆ శిస్తును తగ్గించుకొను దారి యేదో తెలిసికొనుట ఈ యుపన్యాసపు ప్రయోజనము.

జ్వరము వచ్చు విధము

పూర్వము ఈ జ్వరము చెడుగాలివలన, మన్యపు నీటివలన వచ్చునని జనులు నమ్ముచుండిరి. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్జీరియాలో రోగి రక్తమునందు ఈ జ్వరమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. అది మనుష్యుని యొడలికి ఏ దారిని చేరునో తెలిసినది తెలుగుదేశముననే. 1897 ఆగస్టు 20వ తేదీన సికందరాబాదు చెంతనున్న బేగంపేటలో రోనాల్డ్ రాస్ అను వైద్యాధికారి, రోగిని కుట్టిన అనాఫిలీసు దోమను కోసి, దాని కడుపు గోడలో ఆ సూక్ష్మజీవి పెరుగుచుండుట సూక్ష్మదర్శినితో చూచెను. ఆ పరిశోధనకు 1902లో ఆతనికి నోబెల్ బహుమానము లభించెను. నేటికిని ఆగస్టు 20వ తేదీ ప్రపంచ దోమల దినముగా జరుపబడుచున్నది.

రైతు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతులు కొద్దియే. జ్వరము తెచ్చునది ఆడ అనాఫిలీసు దోమ. అది ప్రొద్దు క్రుంకినది మొదలు తెల్లవాఱు వఱకు కుట్టును. గోడపై వ్రాలినప్పుడు తోకను పైకెత్తి ఏటవాలుగా నిలుచును. దాని పిల్లలు నీటిలో పెరుగును. వేడి దినములలో గ్రుడ్డు మొదలు రెక్కల దోమ యగుటకు ఏడు మొదలు పది దినములు చాలును. జ్వరము గల మనుష్యుని కుట్టిన తరువాత సుమారు పది పండ్రెండు దినములకు ఆ దోమ ఇతరులకు జ్వరము నీయగలదు. కావున నీరు ఒక వారమునకు మించి కదలక నిలిచిన చోటు, వైద్యము లేక మిగిలిన రోగి, ఈ రెండును కలిసిన యూర జ్వరము ప్రబలును. వీనిలో నేది తొలగినను జ్వరము తగ్గును.

ఇంటి లెక్క

ఒక దృష్టాంతము తీసికొని లెక్కింపవచ్చును. ఒక రైతు కుటుంబమున పనిచేయువారు నలుగురు కలరనుకొందురు గాక. వర్షకాలమున వారిలో ముగ్గురికి రెండేసి మాఱులు జ్వరము వచ్చినది. జ్వరము వచ్చినవాడు ఒక వారము మంచము పట్టును. లేచిన తరువాత మఱియొక వారము సగము పనియే చేయగలడు. అనగా ఒక్క జ్వరమునకు పదిన్నర దినముల పని పోయినది. రోగిని కనిపెట్టి యుండుటకు, వైద్యశాలకు తీసికొనిపోవుటకు ఇంటివారిలో ఒకరికి మూడున్నర దినములు పట్టినది. మొత్తము పదునాలుగు దినములు. ఆఱు జ్వరములకు 84 దినముల పని.

ఎకరము వరి నాటుటకు ఒక దినమున పదిమంది కావలెననుకొన్నచో, ఈ 84 దినముల పనితో ఎనిమిది ఎకరములకు పైగా నాటవచ్చును. ఆ పనిని కూలికి చేయించినచో ఎంత ధనము కావలెనో రైతు తన యూరి కూలిధరను బట్టి తానే లెక్కించుకొనవచ్చును. మందుల ఖర్చు, బండి ఖర్చు దీనిలో చేరలేదు.

దినముల సంఖ్య ఒక్కటియే చూచినచో నష్టపు నిజమైన పరిమాణము తెలియదు. ఆ దినములు ఎప్పుడు వచ్చునన్నది ముఖ్యము. వేసవిలో పని లేనప్పుడు పది దినములు పడుకొన్నచో సంసారమునకు గొప్ప లోటు లేదు. చలిజ్వరము వేసవికై వేచియుండదు. పునర్వసు, పుష్యమి కార్తెలలో నాట్లు పడునప్పుడు, మఖ, పుబ్బలలో కలుపు తీయునప్పుడు, స్వాతి, విశాఖలలో కోతలు సమీపించునప్పుడు అది ఊరిలో నుండును. దోమకు కావలసిన నీరు, వేడి, తేమ ఆ నెలలలోనే కూడును. పైరునకు కావలసినవియు అవే. రైతునకు చేతులు మిక్కిలి యవసరమైన దినములనే జ్వరము పట్టుకొనిపోవును. అదునుకు నాటని వరి పిలకలు తక్కువ వేయును. అదునుకు తీయని కలుపు ఎఱువును తినివేయును. అదునుకు ఏరని ప్రత్తి వానకు తడిసి రంగు మాఱును. రైతు మంచముపై నున్న పది దినముల నష్టము పంట యింటికి వచ్చు వఱకు పెరుగుచునే యుండును.

మూడవ నష్టము మఱింత దీర్ఘమైనది. వైద్యము పూర్తిగా జరుగని జ్వరము మఱల మఱల వచ్చును. బిడ్డలకు కడుపులో బల్ల పెరుగును; రక్తము తగ్గి ముఖము పాలిపోవును; చదువు సాగదు. గర్భిణికి జ్వరము వచ్చినచో గర్భస్రావము కావచ్చును, లేదా బిడ్డ తక్కువ తూకముతో పుట్టవచ్చును. వరుసగా నాలుగైదేండ్లు జ్వరము వచ్చిన యింట ధైర్యము కూడ తగ్గును. అట్టి రైతు క్రొత్త విత్తనమునకు, క్రొత్త బావికి సాహసింపడు. నాగుకు తెచ్చిన గింజలు తీర్చుటయే ఆతనికి వ్యవసాయమగును. జ్వరపు గ్రామమున భూమి మంచిదైనను వెల పలుకదు. కౌలుకు వచ్చువాడు రాడు.

దేశపు లెక్క

ఒక్కొక్క యింటి నష్టమును కూడినచో దేశపు నష్టమగును. 1935లో భారత మలేరియా సర్వే సంస్థకు డైరెక్టరుగా నుండిన సింటన్ అను వైద్యుడు, మలేరియావలన ఈ దేశమునకు కలుగు నష్టమును గూర్చి విపులముగా వ్రాసెను. ఏటా కనీసము 10 కోట్ల మంది దీనిచే బాధపడుచున్నారని ఆతడు అంచనా వేసెను. ఆ దేశము విభజనకు ముందటి భారతదేశము. 1947లో, 33 కోట్ల జనసంఖ్య గల స్వతంత్ర భారతమున, ఏటా సుమారు 7½ కోట్ల మందికి ఈ జ్వరము వచ్చుచున్నదనియు, 8 లక్షల మంది మరణించుచున్నారనియు అంచనా. అనగా నలుగురైదుగురిలో ఒకరికి ప్రతి సంవత్సరము జ్వరము. ఒక్కొక్కరు పది దినములు పని మానినను 75 కోట్ల దినములు. ఇట్లు ప్రతి సంవత్సరము.

జ్వరము విజృంభించిన సంవత్సరములలో ఏమగునో 1908 పంజాబు చెప్పును. ఆ యేడు అతివృష్టి తరువాత శరత్కాలమున వచ్చిన జ్వరమువలన అక్టోబరు, నవంబరు మాసములలోనే 3 లక్షలకు పైగా జనులు మరణించిరి. అమృతసరు పట్టణమున ఇంచుమించు ప్రతి యింటను రోగులే యగుటచే కొన్ని వారములు వ్యాపారములు స్తంభించెను. దీనిని పరిశోధించిన క్రిస్టఫర్సు అను వైద్యుడు, వర్షముతో పాటు ధాన్యపు ధరలు పెరిగి జనులు అర్ధాకలితో నుండుటయు ఆ మరణములకు కారణమని తేల్చెను. 1943 బంగాళపు కఱవులోను అంతియే: ఆకలిచే నీరసించిన జనులను తరువాతి మాసములలో పొట్టనబెట్టుకొన్న వ్యాధులలో మలేరియాయే ప్రధానమైనది. ఆకలి జ్వరమునకు దారి చూపును. జ్వరము మఱుసటి పంటను చెఱచి ఆకలికి దారి చూపును.

భూమియే పాడుపడిన తావులును కలవు. హిమాలయపాదమున నున్న తరాయి ప్రాంతము నల్లని, సారవంతమైన నేల. అయినను మలేరియాకు వెఱచి పల్లపు రైతులు అచట నిలువజాలకపోయిరి. 1950 తరువాత దోమలమందు చల్లిన పిమ్మటనే అచట క్రొత్త గ్రామములు విస్తారముగా వెలసెను. తూర్పు కనుమల మన్యమున కొండవాగుల చెంత పెరుగు ఫ్లూవియాటిలిస్ అను అనాఫిలీసు జాతి దోమవలన, మైదానమునుండి పోయిన వర్తకులును ఉద్యోగులును మన్యపు చలి యన్నంతనే జంకుచుండిరి.

పరదేశముల యనుభవము కూడ ఇట్టిదే. ఇటలీలో రోము నగరపు చుట్టునున్న పల్లపు నేలలు చలిజ్వరమువలన శతాబ్దుల తరబడి సరియైన సేద్యము లేక యుండెను. 1900లో ఆ ప్రభుత్వము క్వినైనును తానే చేయించి, పొగాకు అంగళ్లలో సహితము చౌకగా అమ్మించుటకు శాసనము చేసెను. తరువాతి శాసనములు జ్వరపు నేలలలోని కూలీలకు క్వినైను ఖర్చును భూస్వాములు భరింపవలెనని విధించెను. కూలివాని జ్వరము భూస్వామి నష్టమని ఆ దేశము శాసనమూలమున ఒప్పుకొన్నట్లయ్యెను.

1965 మొదలు 1990 వఱకు గల కాలమును గూర్చి అమెరికా అర్థశాస్త్రజ్ఞులు గ్యాలప్, సాక్సు అనువారు లెక్కలు కట్టిరి. మలేరియా తీవ్రముగా నున్న దేశములలో తలకు వచ్చు ఆదాయపు పెరుగుదల, ఇతర కారణములను మినహాయించినను, ఏటా నూటికి 1.3 వంతున తక్కువగా నున్నదని వారు తేల్చిరి. ఇది స్వల్పముగా దోచవచ్చును. వడ్డీ లెక్క తెలిసిన రైతునకు దీని బలము తెలియును. ఒకచోట నూఱు రూపాయల ఆదాయము అట్లే నిలిచియుండగా, వేఱొకచోట ఏటా 1.3 చొప్పున చక్రవడ్డీవలె పెరిగినచో, 25 ఏండ్లకు అది సుమారు 138 రూపాయలగును. ఆ 38 రూపాయలు దోమ పట్టుకొనిపోయినట్లే.

నీరు, సేద్యము, దోమ

ఈ నష్టమంతయు దైవికమనుకొనరాదు. మైదానపు పల్లెలలో జ్వరము తెచ్చు ముఖ్యమైన దోమకు క్యూలిసిఫేసిస్ అని పేరు. అది ఎండ తగులు శుభ్రమైన నీటిని కోరును. అట్టి నీటిని దానికి సమకూర్చునది తఱచుగా సేద్యమే.

దీనికి తమిళదేశపు పట్టుకోట కథ మంచి నిదర్శనము. 1934లో కావేరిపై మెట్టూరు ఆనకట్ట పూర్తియై, తంజావూరు జిల్లాలో అంతవఱకు వానలపైన, చెఱువులపైన ఆధారపడిన పట్టుకోట ప్రాంతమునకు క్రొత్త కాలువలు వచ్చెను. నీరు వచ్చినది, దానితో చలిజ్వరమును వచ్చినది. అచట పరిశోధన చేసిన రస్సెల్ అను అమెరికా వైద్యుడు 1938లో ప్రకటించిన సంగతి గమనింపదగినది. తప్పు నీటిపాఱుదలది కాదు, లోపములతో కూడి అపరిశుభ్రముగా నున్న నీటిపాఱుదలది. కారుచున్న తూములు, గట్లక్రింది ఊటలు, గట్లకై మన్ను తీసి విడిచిన గుంటలు, గడ్డి మొలచిన పిల్లకాలువలు, మురుగు పోవు దారి లేని పల్లములు దోమలకు నిలయములయ్యెను. ఆ జిల్లాలోనే తరతరములుగా వరి పండించుచు, నీరు వచ్చు దారియు పోవు దారియు గల పాత డెల్టా గ్రామములలో ఇట్టి జ్వరము లేకుండెను.

వరిమడిని గూర్చియు అచటి పరిశోధకులు ఒక విశేషమును కనుగొనిరి. నాటిన తొలి వారములలో మడినీరు ఎండకు తెఱపియై యుండుటచే ఈ దోమ అందు విశేషముగా గ్రుడ్లు పెట్టును. పైరు అడుగు ఎత్తు పెరిగి దట్టమైన తరువాత అది ఆ మడిని విడిచిపెట్టును. కావున భయము నాటిన కొలది వారములయందే. ఆ కాలమున నడుమనడుమ మడిని ఆఱగట్టినచో దోమపిల్లలు చచ్చునని వారు ప్రయోగములు చేసి చూపిరి.

దీనికి వ్యతిరేకమైన పాఠము బంగాళమునుండి వచ్చినది. అచట ఆరోగ్యశాఖకు అధిపతిగా నుండిన బెంట్లీ 1925లో మలేరియాను సేద్యమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. రైలు కట్టలు, రోడ్డు కట్టలు, నది కరకట్టలు వరదనీటి సహజమైన దారిని అడ్డగించుటచే పొలములకు ఒండ్రుమట్టి చేరక సారము తగ్గెననియు, పాత కాలువలు నిలువనీటి గుంటలై జ్వరము పెరిగెననియు ఆతడు వాదించెను. పంట తగ్గుటకును జ్వరము పెరుగుటకును మూలమొక్కటియే, నీరు పాఱకుండుట. పాఱు నీరు పంటకు మేలు. నిలిచిన నీరు దోమకు మేలు.

మఱపు వెల

జ్వరమును తగ్గించుట సాధ్యమేనా యను సందేహమునకు తావు లేదు. సాధించి చూపిన దేశములలో భారతదేశ మొకటి. సాధించి మఱచిన దేశములలోను అది యొకటి.

డి.డి.టి. అను మందునకు కీటకములను చంపు గుణము గలదని 1939లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు ముల్లర్ కనుగొనెను. 1953లో భారతప్రభుత్వము జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమమును ఆరంభించి గ్రామగ్రామమున ఇండ్ల గోడలపై ఆ మందును చల్లించెను. 1947లో 7½ కోట్లుగా నుండిన జ్వరములు 1965 నాటికి సుమారు ఒక లక్షకు దిగెను. దేశపు చరిత్రలో పనిదినములను ఇంతగా రక్షించిన ఉద్యమములు మిక్కిలి యరుదు.

తరువాత పట్టు సడలెను. మందు సకాలమున చేరకుండెను. గ్రామములలో రోగులను కనిపెట్టి రక్తపరీక్ష చేయు ఏర్పాటు బలహీనముగా నుండెను. దోమలు మందునకు అలవాటుపడెను. ఈ చివరి దానిలో సేద్యమునకును పాలు కలదు. ప్రత్తి, వరి పొలములపై అవే జాతుల పురుగుమందులను మితిమీఱి చల్లుటచే, పొలము నీటిలో పెరుగు దోమలు వానిని తట్టుకొను శక్తిని త్వరగా పొందెనని పరిశోధకులు వ్రాసియున్నారు. 1976లో దేశమున నమోదైన జ్వరములు 64 లక్షలకు పెరిగెను. పదునొకండేండ్లలో లక్ష అఱువదినాలుగు లక్షలైనది.

లంకాద్వీపపు కథ యింకను స్పష్టమైనది. 1934లో వానలు తప్పి నదులు గుంటలుగా మడుగుకట్టగా దోమలు పెరిగి, 1934, 1935 సంవత్సరములలో సుమారు 80,000 మంది మరణించిరి. 1946 మొదలు మందు చల్లగా జ్వరములు తగ్గితగ్గి 1963లో దేశమంతటికి 17 మాత్రమే మిగిలెను. పని పూర్తియైనదని చల్లుట మానిరి. 1969లో 5 లక్షలకు పైగా జ్వరములు వచ్చెను. అయినను లంకవారు వదలక మఱల నారంభించి, ప్రతి రోగిని వెదకి వైద్యము చేసి, 2016లో మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థచే గుర్తింపబడిరి. కలుపు తీసిన మడిని మఱునాడే విడిచిన రైతు ఏమి పొందునో, జ్వరము తగ్గగానే జాగ్రత్త విడిచిన దేశమును అదే పొందును.

భారతదేశమున 2023లో ప్రభుత్వ లెక్కలయందు నమోదైన జ్వరములు సుమారు 2 లక్షల 27 వేలు. 1976తో పోల్చినచో ఇది గొప్ప విజయము. మిగిలినది ప్రధానముగా అడవి, కొండ ప్రాంతములలో, ఆంధ్రదేశపు మన్యమునందును తెలంగాణములో గోదావరి యొడ్డు అడవి గ్రామములందును అట్టి తావులలోను కలదు. 2030 నాటికి దీనిని నిర్మూలింపవలెనని దేశపు సంకల్పము. 1965లోను గమ్యము ఇంతే సమీపముగా గనబడినదని మఱవరాదు.

రైతు చేయవలసినవి

ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వము చేయవలెను. రైతు చేతిలోనున్నవి యివి:

1. నాట్లకు పూర్వమే పంటకాలువలలోని గడ్డి తీసి, గట్లు చెక్కి, కారుచున్న తూములకు మరమ్మతు చేయవలెను. చెఱువుకట్ట క్రింది ఊటనీరు నిలువకుండ ఒక మురుగుకాలువలో కలుపవలెను. వృథాగా పోవు ఆ నీరు రైతు నీరే. దానిని మిగుల్చుకొన్నచో చివరి మడికి అందును.

2. గట్టుకు, ఇంటికి, రోడ్డుకు మన్ను తీసిన గుంటలను విడువరాదు. పూడ్చుటకు వీలైనవి పూడ్పవలెను. కానివానిని ఒకదానితో నొకటి కలిపి నీరు పాఱునట్లు చేయవలెను.

3. వరిమడికి సదా నీరు నిండియుండ నక్కఱలేదు. నాటి మొక్క నిలద్రొక్కుకొనిన తరువాత, నీరు మట్టమునకు సుమారు 15 సెంటీమీటర్ల లోతునకు ఇంకు వఱకు ఆగి మఱల పెట్టు పద్ధతి నేడు వరి పరిశోధనశాలలచే సిఫారసు చేయబడుచున్నది. రంధ్రములు గల గొట్టమును మడిలో పాతి నీటి లోతు చూచుకొనవచ్చును. దీనివలన నూటికి ముప్పది వంతుల వఱకు నీరు మిగులును. సరిగా చేసినచో దిగుబడి తగ్గదు. పూతసమయమున మాత్రము నీరు తగ్గనీయరాదు. దోమల విషయమున ఫలము కావలెనన్నచో ఒక ఆయకట్టు రైతులందఱును కలిసి చేయవలెను. మడిలో అడుగుజాడల గుంటలందు కూడ నీరు మిగులరాదు. ఒక్కని మడి ఆఱి, ప్రక్కవాని మడి నిండియున్నచో దోమకు కొదువ లేదు.

4. వాడుకలేని బావులలో, తొట్లలో దోమపిల్లలను తిను గంబూసియా చేపలను వదలవచ్చును. ఇతర చేపలకు హాని చేయును గనుక చెఱువులలో, వాగులలో వానిని వదలరాదు.

5. ఆరోగ్యశాఖవారు ఇంటిగోడలకు మందు చల్ల వచ్చినప్పుడు పడకటిల్లును, పశువుల కొట్టమును కూడ చల్లనీయవలెను. దోమ పగలు నక్కియుండునది అచటనే. మందు చల్లిన గోడను పండుగ పేరిట వెంటనే అలికినచో, సున్నము వేసినచో ఆ మందు మట్టిలో కలిసినట్లే. అలుకుట, సున్నము వేయుట చల్లుటకు ముందే ముగింపవలెను.

6. మందు పట్టించిన దోమతెరలో ప్రతి రాత్రియు పరుండవలెను. మొదట గర్భిణికి, బిడ్డలకు. తరువాత పొలము కావలికి పోవువానికి. మంచెపై పరుండువాని దోమతెర పంటకు వేసిన కంచెవంటిది.

7. చలితో జ్వరము వచ్చినచో ఆ దినముననే రక్తపరీక్ష చేయించవలెను. ప్రభుత్వ వైద్యశాలలలో ఇది ఉచితము. ఏ జాతి జ్వరమో తెలిసిన తరువాత వైద్యుడు చెప్పిన మందును చెప్పినన్ని దినములు మ్రింగవలెను. ఒక జాతి జ్వరము కాలేయమున దాగి కొన్ని మాసములకు మఱల లేచును. దానిని పోగొట్టు మందును పదునాలుగు దినములు వాడవలసి యుండును. మూడవ దినమున జ్వరము తగ్గినదని మానినవాడు నాట్లలో వచ్చిన జ్వరమును కోతలకు దాచుకొన్నవాడు. గర్భిణులకును కొందఱు రోగులకును ఆ మందు తగదు గనుక వైద్యుని సలహా లేక వాడరాదు.

8. పొలముపై పురుగుమందులను అవసరమునకు మించి చల్లరాదు. పైరు పురుగుతో పాటు దోమకును దానిని ఓర్చుకొను శక్తి కలుగును.

కూలివాని గుడిసె

ఇక నొక్కమాట మిగిలియున్నది. పట్టా గల రైతు తన యింటికి జాలీ తలుపులు, దోమతెరలు, మందులు సమకూర్చుకొనగలడు. ఆతని జీతగాడును, నాట్లకు వచ్చు కూలీలును, అడవిచేరువనుండి పనికి వచ్చు కుటుంబములును వానిని సమకూర్చుకొనలేరు. దోమకు పట్టాభూమి, పరాయిభూమి అను భేదము లేదు. గుడిసెలో వైద్యము లేక మిగిలిన జ్వరము దోమ రెక్కలపై పెంకుటింటికి వచ్చును. జ్వరము అలవాటైన బిడ్డలు పైకి ఆరోగ్యముగా నున్నట్లే కనబడుచు రక్తములో సూక్ష్మజీవిని దాచియుందురు. కావున రైతు తన యింటికి మాత్రమే చేసికొన్న రక్షణ చేనికి ఒక్క వైపున వేసిన కంచెతో సమానము.

పనికి వచ్చినవారికి జ్వరము కనబడినప్పుడు కూలి తగ్గించి పంపివేయక, వైద్యశాలకు పంపి, మందు పూర్తియగు వఱకు కనిపెట్టుట దయయు నగును, లాభమును నగును. నాట్లకు ముందుగా కూలీల బసలలో దోమతెరలు కలవో లేవో చూచుట, విత్తనము మొలకశాతము చూచుకొనుటవలె సేద్యపు పనిగా నెంచవలెను. ఇటలీలో శాసనము చేసి చేయించిన పనిని తెలుగు రైతు తన వివేకముచేతనే చేయగలడు.

పంట లెక్కలు వ్రాయు పుస్తకమున ఈ సంవత్సరము ఒక క్రొత్త పద్దు తెఱువవలెను. ఇంటిలోను, పొలముపైన పనిచేయువారిలోను ఎవరికి ఏ దినమున జ్వరము వచ్చినది, ఎన్ని దినముల పని పోయినది, మందు పూర్తియైనదా లేదా అని వ్రాయవలెను. సంవత్సరాంతమున ఆ దినములను కూడి, ఊరి కూలిధరతో హెచ్చించి చూడవలెను. కాలువ గట్టు చెక్కించుటకు, గుంట పూడ్పించుటకు, రెండు దోమతెరలు కొనుటకు అగు ఖర్చును దాని ప్రక్కన వ్రాయవలెను. ఏది పెద్దదో ఆ పుస్తకమే చెప్పును.